సంపాదకుని మాట: సేవలు లేచే వరుస

లైనక్స్ కంప్యూటర్ ఆన్ కాగానే తెర వెనుక పనిచేసే సేవలను లేపే బాధ్యత 1వ నంబరు ప్రాసెస్‌ది. 2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డి నేడు చాలా లైనక్స్‌లలో ఆ స్థానంలో ఉంది. 2015లో వచ్చిన డెబియన్ 8 కూడా దాన్నే స్వీకరించింది.

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఆవలి ఒడ్డునున్న సిరొంచలో ఒక బడి కంప్యూటర్ తెలుగు, మరాఠీ పాఠాలను పిల్లలకు అందిస్తోందనుకుందాం. కరెంటు పోయి వస్తే, ఎవరూ ముట్టుకోకుండానే అది మళ్లీ పనిలోకి దిగాలి.

ఇందుకు సిస్టమ్‌డి ఆదేశాల తేడా తెలియాలి: ‘స్టార్ట్’ సేవను ఇప్పటికిప్పుడు నడుపుతుంది, ‘ఎనేబుల్’ ప్రతి బూట్‌లోనూ లేచేలా చేస్తుంది. సేవను ఎలా నడపాలో చెప్పే యూనిట్ ఫైల్‌లో ‘రిక్వైర్స్’ ఏది తప్పనిసరో చెబుతుంది, వరుస చెప్పేది మాత్రం ‘ఆఫ్టర్’. పాఠాలు వేరే డిస్క్‌లో ఉంటే ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ రాయాలి. లేకపోతే డిస్క్ అందకముందే పాఠాలను పంపే వెబ్ సర్వర్ లేచి, పిల్లలకు అవి కనిపించకపోవచ్చు.

‘రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్’ ఉంటే విఫలమైన సేవ మళ్లీ లేస్తుంది. అయితే మామూలుగా 10 సెకన్లలో 5 ప్రయత్నాలు అయిపోతే సిస్టమ్‌డి ఇక వదిలేస్తుంది. మళ్లీ లేపేముందు ఆగే సమయమైన ‘రీస్టార్ట్‌సెక్’ను 10 సెకన్లకు పెంచితే ఆ చిక్కు ఉండదు. ఈ మార్పులను ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’తో చేస్తే ప్యాకేజీ అప్‌డేట్ వాటిని చెరిపేయదు. ఈ సంచిక వ్యాసాలు ఈ పద్ధతులను మెట్టుమెట్టుగా వివరిస్తాయి.