సీసా ఎవరిది?

మా మౌలాలిలో జరిగిన గోష్ఠిలో వొక ఉపాధ్యాయ మిత్రుడు లేచి, “బస్తీ కుళాయికి మంచినీరు రాదు. గురుగ్రహపు చంద్రుడి మంచుకింద నీళ్ళలో జీవముందా అని వెతికే విలాసం శ్రామికులకెందుకు?” అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లతోనే నా పేచీ.

ఖర్చుకు లెక్క అడగవలసిందే. యూరోపా క్లిప్పర్ నౌకకు అమెరికా కేటాయించింది సుమారు 500 కోట్ల డాలర్లు. అడగండి, నేనూ గొంతు కలుపుతాను. కాని ఆ విద్యే మనకక్కర్లేదనటం ప్రభువర్గాలకు ప్రియమైన వాదం. మనవాడి నోట వినవలసి రావటం విచారం.

ఆ విద్య యేమిటి? జీవి కనబడితే అది అక్కడిదా, మనం మోసుకుపోయిందా అని ముందుగా తన చేతినే శంకించటం. యూరోపాకు మన సూక్ష్మజీవులు అంటుతాయేమోనని 2003లో గెలీలియో నౌకను గురుగ్రహంలో పడవేశారు. ఎన్సెలాడస్ కోసం 2017లో కసీనిని శనిలో దగ్ధం చేశారు. 2024లో బయలుదేరిన క్లిప్పర్ కూడా యూరోపా మీద దిగదు. పక్కనుంచి 49 సార్లు పోతూ, జీవానికి తగిన పరిస్థితులున్నవా అని మాత్రమే చూస్తుంది.

అంత దూరమెందుకు? మనకు దగ్గరలోనే, ఈసీఐఎల్ రోడ్డులోని టాటా పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 2005 ఏప్రిల్‌లో వొక బెలూన్ లేచింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టటానికి 16 ఉక్కు గొట్టాలు తీసుకుపోయింది. వాటిని ముందే నిర్జీవం చేసి, లోపలి గాలి తోడేశారు. దొరికిన సూక్ష్మజీవులను హైదరాబాదులోనూ, పూనాలోనూ విడివిడిగా పరీక్షించారు. 2009లో మూడు కొత్త బాక్టీరియా జాతులను ప్రకటించి కూడా, అవి భూమికి ఆవలివని రుజువైనట్లు కాదని ఇస్రోయే చెప్పింది. జీవం ఆకాశం నుంచి ఊడిపడిందని సంబరపడేవారు యీ మాట దాటవేస్తారు.

ఇక మన కుళాయి సంగతి. మురుగు కలిసిన నీటిని వొక సోడాసీసాలో పట్టి ఒక కార్యాలయానికి తీసుకుపోయాం. “మురికి మీ సీసాదే” అని పంపేశారు. ఒళ్ళు మండింది. జవాబు లేదు.

రెండోసారి రెండు సీసాలూ ఉడకబెట్టాం. ఒకదానిలో కుళాయినీరు, రెండోదానిలో కాచి చల్లార్చిన నీరు. రెంటికీ పరీక్ష చేయించాం. కాచిన నీటి సీసా శుభ్రంగా తేలింది, కుళాయిది తేలలేదు. యీసారి సీసా మాట యెవరూ ఎత్తలేదు. దరఖాస్తు తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. గొట్టం మాత్రం యింకా మార్చలేదు.