అంబులెన్సునకు దారి విడుచుట



కోతలు ముగిసి ధాన్యము కల్లములకును, కల్లములనుండి మిల్లులకును తరలు దినములలో మన గ్రామముల తారురోడ్లు రైతుల చేతిలోనే యుండును. ట్రాక్టర్లు మనవి, వాని వెనుక ట్రక్కులు మనవి, ఎడ్లబండ్లు మనవి. కోతయంత్రములు మన పొలములకే వచ్చుచున్నవి. రోడ్డుపై ఆరబోసిన వడ్లును మొక్కజొన్నలును మనవే. ఆ దినములలో ఆ రోడ్డుననే అంబులెన్సు వచ్చినచో, దానికి దారి యిచ్చువారును రైతులే, ఈయనివారును రైతులే. ఈ మాట కొందఱికి కష్టముగా నుండవచ్చును. కాని పట్టణమువారి కార్లను నిందించి మనము తప్పించుకొనుటకు ఈ రోడ్లపై అవకాశము లేదు.

108 సంఖ్యకు పిలిచిన వచ్చు అంబులెన్సు సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది. నాటినుండి ఆ సైరను పల్లెలకు పరిచితమైనది. అయితే ఆ బండి వేగము దాని ఇంజనులో మాత్రమే లేదు. ఎదుటనున్న దారిలో నున్నది. లెక్క వేసి చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున రాగల బండి నాలుగు కిలోమీటర్ల దారిని నాలుగు నిమిషములలో దాటును. దాని ముందు గంటకు 20 కిలోమీటర్లు నడచు వడ్ల ట్రాక్టరు తొలగక సాగెనా, ఆ దూరమునకే పండ్రెండు నిమిషములు పట్టును. ఎనిమిది నిమిషములు పోయినవి. రోగిని ఎక్కించుకొని మరలిపోవునప్పుడును ఇట్లే జరిగిన మఱి ఎనిమిది.

పాముకాటు మన వృత్తిని అంటిపెట్టుకొనియున్న యాపద. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువానిని కఱచిన, చాలసారులు నొప్పియే తెలియదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలును, మ్రింగుట కష్టమగును, తుదకు ఊపిరి తీయు కండరములు పని మానును. త్రాచుకాటునను ఊపిరికే అపాయము. అది ఇంకను త్వరగా రావచ్చును. విషమునకు విఱుగుడు మందు ఆసుపత్రిలో నున్నది. అచ్చటికి చేరువఱకు ప్రాణవాయువు నందించి రోగిని నిలుపుటకు అంబులెన్సులో సాధనములును, వానిని ఎఱిగిన మనుష్యుడును ఉందురు. ఊపిరి నిలిచిన పిమ్మట మెదడు కొద్ది నిమిషములకు మించి తాళజాలదు. పురుగుమందు చల్లుచు పడిపోయినవాడు, నూర్పుయంత్రమున చేయి పడినవాడు, కాన్పు కష్టమైన స్త్రీ, పక్షవాతము వచ్చిన ముసలితండ్రి — ఆ ఎనిమిది నిమిషములు ఇట్టివారివి. వీరు మన యిండ్లవారే.

దారి ఈయకుండుటకు దుర్బుద్ధి కారణమని నేను తలంపను. ట్రాక్టరు నడుపువానికి సైరను వినబడదు. వెనుక నేమి వచ్చుచున్నదో కనబడదు. ఇంజను శబ్దము చెవి దగ్గఱనే యుండును. అది చాలదన్నట్లు నేటి యువకులు పాటల స్పీకర్లు గూడ బిగించుచున్నారు. వెనుక ట్రక్కు నిండ బస్తాలు, కాకున్న గడ్డి, కాకున్న ఇరువైపుల పొంగి వ్రేలాడు ప్రత్తి. అద్దము లేనేలేదు, ఉన్నను పగిలియుండును. అంబులెన్సు నెదుట ఇంగ్లీషు అక్షరములు ఏల త్రిప్పి వ్రాసియుండునో మీరెఱుగుదురా? ముందుపోవు డ్రైవరు తన అద్దములో చూచినప్పుడు అవి సరిగా కనబడుటకే. అద్దమే లేనివానికి ఆ యుపాయమంతయు వృథా.

సైరను నూఱు మీటర్ల దూరమున వినబడెననుకొందము. ట్రాక్టరు 20 కిలోమీటర్ల వేగమునను, అంబులెన్సు 60 కిలోమీటర్ల వేగమునను పోవుచున్న, రెండింటికి నడుమ దూరము తొమ్మిది సెకండ్లలో ముగియును. ఆ తొమ్మిది సెకండ్లలో విని, చూచి, బరువు ట్రక్కును ప్రక్కకు తీయవలెను. ఏబది మీటర్లలో వినబడినచో అందులో సగమే.

చట్టము లేకపోలేదు. ఫైరింజనుగాని అంబులెన్సుగాని వచ్చునప్పుడు ప్రతి డ్రైవరును రోడ్డు ప్రక్కకు తొలగి దానికి నిరాటంకముగా దారి ఈయవలెనని 1989నాటి రోడ్డు నియమములలోనే యుండెను. వానికి బదులు 2017లో క్రొత్తవి వచ్చినను ఈ విధి పోలేదు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 194-ఈ అను విభాగము చేర్చిరి. దానినిబట్టి దారి ఈయనివానికి ఆఱు మాసములవఱకు ఖైదుగాని, పదివేల రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మంచిదే. కాని విననివానిని జరిమానా భయము వినునట్లు చేయజాలదు. మన రోడ్లపై కావలసినది శిక్షకంటె ముందు సాధనము, అభ్యాసము.

ఇక చేయవలసిన పద్ధతి. సైరను వినబడినతోడనే వేగము తగ్గించి, ఎడమ దీపము వెలిగించి, లేనిచో చేయి చాచి, ఎడమప్రక్కకు తీసి నిలుపవలెను. తటాలున బ్రేకు వేయరాదు. వెనుక వచ్చు అంబులెన్సు మన ట్రక్కును ఢీకొనగలదు. మలుపునను, కల్వర్టుపైనను నిలుపరాదు. ఎదురుగా వచ్చువారును తమ ఎడమకు తొలగవలెను గాని, ఇదే సందని నడుమకు చొరబడరాదు.

అయితే ‘వెంటనే నిలుపుడు’ అను మాట అన్ని రోడ్లకు సరిపడదు. పట్టణములలో చెప్పు ఈ సూత్రమును కృష్ణా గోదావరి డెల్టాల కాలువగట్లపై అక్షరాల పాటించిన అపాయమే. ఒకప్రక్క కాలువ, ఒకప్రక్క బోదె, నడుమ ఒక్క బండి పట్టు తారు. అచ్చట నిలిచిన ట్రాక్టరు అంబులెన్సునకు దారి ఈయదు, దారిని మూసివేయును. అంచునకు దింపినచో మెత్తని మట్టిలో చక్రము క్రుంగి ట్రక్కు ఒరగును. అట్టిచోట దీపము వెలిగించి, చేతితో సైగ చేసి, ఆగక ముందుకు సాగి, వంతెనదగ్గఱనో పొలము బాట కలియుచోటనో వెడల్పు దొరికిన తావున తొలగవలెను. సైగను చూచిన అంబులెన్సు డ్రైవరునకు మనము విన్నామని తెలియును. అతడు వెఱ్ఱిగా దాటజూడడు. నల్లరేగడి నేలలలో వాన కురిసిన పిమ్మట రోడ్డు అంచులకును ఇదే న్యాయము.

ఎడ్లబండివాడు దిగి ముకుత్రాడు పట్టుకొని ఎడ్లను ఎడమకు నడపవలెను. ఆ కూత విని బెదరని ఎడ్లు అరుదు. గొఱ్ఱెల మందను గాని, గేదెలను గాని సగము ఇటు సగము అటు చీల్చరాదు. విడిపోయిన పశువులు కలియుటకై బండికి అడ్డముగా పరుగెత్తును. అన్నింటిని ఒకే వైపునకు త్రోలవలెను. పశువులు కనబడినచోట సైరను కొంచెము తగ్గించుట అంబులెన్సు డ్రైవర్లకును మంచిది, అది వేఱు సంగతి.

‘లోపల రోగి లేడు, ఊరక మ్రోగించుచున్నాడు’ అని దారి విడువని పెద్దమనుష్యులు కలరు. లోపల రోగి లేనిచో ఆ బండి రోగికొఱకు పోవుచుండవచ్చును గదా! పడిపోయినవాని చెంతకు ఇంకను ఎవ్వరును చేరియుండరు. ఆ పోకకే త్వర యెక్కువ. మఱికొందఱు అంబులెన్సు పోయినంతనే దాని వెంట మోటారుసైకిళ్లు తోలుదురు. తొలగినవారు తిరిగి రోడ్డెక్కుచుండగా వీరు వచ్చి తగులుదురు. పెండ్లి ఊరేగింపులవారికి నేను చెప్పవలసినది ఒక్కటే: బాజాలవారితో ముందుగానే సైగ ఏర్పఱచుకొనుడు.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న రోడ్డుపై ధాన్యము. సగము రోడ్డున వడ్లు పోసి, చుట్టును రాళ్లు పేర్చి, రాత్రి నల్లని పట్టా కప్పుదురు. అంబులెన్సేగాక, గడ్డివాము అంటుకొన్నప్పుడు నీళ్ల బరువుతో వచ్చు ఫైరింజనుకూడ ఆ రాళ్లదగ్గఱ నిలువవలసినదే. దీనికై రైతును కేసులు పెట్టి శిక్షింపవలెనను వారితో నేను ఏకీభవింపను. తేమ యెక్కువయున్న ధాన్యమును కొనుగోలు కేంద్రమువారు త్రిప్పి పంపుదురు, ఆరబెట్టుటకు గట్టినేల లేదు, అతడెచ్చటికి పోవును? తెలంగాణమున ఉపాధి హామీ పథకము క్రింద కట్టించిన కల్లములపై 2022లో కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములకు వివాదము నడచినది. వారి వాదము ఎట్లున్నను వడ్లు ఆరవలసియే యుండెను. కాని నేల లేమి వడ్లు ఎండుటకు సమాధానమగును గాని రాళ్లకు సమాధానము కాదు. కల్లము కట్టువఱకైన రాళ్లు మానవలెను. మలుపులను, ఒంటిబాట రోడ్లను విడువవలెను. ధాన్యపు రాశిదగ్గఱ రాత్రి కావలివాడు దీపముతో నుండవలెను. గ్రామమున ఎవరైన 108కి పిలిచినచో, ఒక కుఱ్ఱవానిని మోటారుసైకిలుపై పెద్దరోడ్డువఱకు ముందు పంపవలెను. అతడు దారిలోని ట్రాక్టర్లను, వడ్లవారిని హెచ్చరించుచు పోయి, మలుపున నిలిచి బండికి ఇల్లు చూపవచ్చును. దీనికి ఖర్చు లేదు.

మన సంఘము చేయదగిన పనులు రెండున్నవి. వచ్చు మహాజనసభలో సభ్యులు వీనిని చర్చింపవలెనని కోరుచున్నాను. సంఘము ఋణముపై కొను ప్రతి ట్రాక్టరునకును రెండు ప్రక్కల అద్దములును, ట్రక్కు వెనుక దీపములును ఉన్నవని చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. ఇది అనవసరపు నిర్బంధమని కొందఱందురు. ట్రాక్టరు విలువలో అద్దము వెల యెంత? రెండవది, గోదాము ఆవరణలో సిమెంటు నేల వేయించి, వంతులప్రకారము సభ్యులకు ఆరబోతకు ఇయ్యవలెను. కౌలుదారునకును వంతు ఉండవలెను. రోడ్డుపై పోయువారిలో సొంత కల్లము లేని కౌలుదార్లే హెచ్చు.

సిమెంటు నేలకు సొమ్మును, కాలమును కావలెను. పాత ట్రాక్టర్లకు అద్దములు బిగించు పని మాత్రము కోతలకు ముందు ఒక్క ఆదివారమున గోదాము ఎదుట ముగియును. అద్దములు సంఘము టోకున తెప్పించినచో, సభ్యులు ట్రాక్టరును, స్పానర్లను తెచ్చుకొన్న చాలును.