కొండచరియ నుంచి పెకలించిన డడ్లియాను కొనకండి

కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారికీ, ఎక్కడున్నా సరే ఇంట్లో సక్యులెంట్లు పెంచుకునే వారందరికీ మనవి.

హైవే 1 మీద వెళ్తూ సముద్రం మీదికి ఒరిగిన కొండచరియలను మీరు చూసే ఉంటారు. మట్టి దాదాపు లేని ఆ రాతి నెర్రెల్లో బతికే మొక్క డడ్లియా ఫారినోసా. దాని దళసరి ఆకుల మీద విభూతి పూసినట్టు తెల్లని పొడి ఉంటుంది. అది మైనం. ఎండ నుంచి ఆకును కాచేది అదే. వేలు తగిలితే చాలు రాలిపోతుంది, రాలినచోట ఆ ఆకుకు మళ్లీ పట్టదు. మధ్యధరా తీరంలో లాగే ఇక్కడా వానలు చలికాలంలోనే పడతాయి. అందుకే ఈ మొక్క చలికాలంలో పెరిగి, వేసవంతా నిద్రపోతుంది. చరియ మీద పక్కకు తిరిగి పెరుగుతుంది కాబట్టి దాని నడిమొగ్గలో నీరు నిలవదు. పూత వచ్చాక తేనె కోసం హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి.

ఈ మొక్కలను గడ్డపారలతో పెకలించి, పెట్టెలకెత్తి విదేశాలకు అమ్ముకుంటున్నారు. 2018 అక్టోబరులో ఉత్తర తీరపు ప్రభుత్వ పార్కుల నుంచి తవ్వుకొచ్చిన 3,715 మొక్కలను ఎగుమతి చేయబోయిన కేసులో ఒకరికి 2022లో రెండేళ్ల జైలుశిక్ష పడింది. వాటి విలువ కనీసం లక్షన్నర డాలర్లని లెక్క తేలింది. అంతకుముందే, అదే తీరంలోని మెండోసినో పోస్టాఫీసులో ఒకాయన చైనాకు గుట్టలుగా పార్శిళ్లు పంపుతుంటే, వరుసలో నిల్చున్న ఒకావిడకు అనుమానం వచ్చి అధికారులకు చెప్పింది. ఈ దొంగతనాల గుట్టు రట్టయింది ఆవిడ వల్లే. ఆవిడకు మనమంతా రుణపడి ఉన్నాం.

అనుమతి లేకుండా డడ్లియాను పెకలించడం, అలా తెచ్చినదాన్ని అమ్మడం నేరమంటూ 2021లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. మంచిదే. కానీ ఆ చట్టం రాష్ట్రం పొలిమేర దాటదు. కొనేవాళ్లు ఉన్నంతకాలం తవ్వేవాళ్లూ ఉంటారు.

‘ఎలాగూ తవ్వేశారు, నేనైనా బతికిస్తాను కదా’ అనుకోకండి. మీరిచ్చే డబ్బే రేపు ఇంకో చరియకు గడ్డపార చేరుస్తుంది. పైగా నిద్రపోయే వేసవిలో జాలిపడి నీళ్లు పోస్తే, తవ్వి తెచ్చిన ముసలి మొక్క కుండీలో కుళ్లిపోతుంది.

డడ్లియా విత్తనం నుంచి చక్కగా వస్తుంది. విత్తనంతో పెంచే నర్సరీలు ఉన్నాయి, అక్కడే కొనండి. మొదలు చెక్కబారి, వేళ్లు తెగి, ఆకులకు గీతలూ గాట్లూ ఉన్న పెద్ద గుబురు కనిపిస్తే, ఎక్కడిదని అమ్మేవారిని నిలదీయండి. జవాబు లేకపోతే వెనక్కి వచ్చేయండి. ఆన్‌లైన్ అంగళ్లు పుట్టుక వివరం లేని డడ్లియాను అమ్మకానికి పెట్టకూడదని అందరం రాసి అడుగుదాం. మన సంఘాలు మొక్కలు పంచే వేడుకల్లోనూ ఇదే నియమం పెట్టుకోవాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో కొనేవారు, విదేశం నుంచి వచ్చే మొక్కకు దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉన్నాయో లేదో చూడండి.

చరియ మీద గోనెసంచులతో, గడ్డపారలతో ఎవరైనా కనిపిస్తే వాళ్లతో గొడవపడకండి. బండి నంబరు, చోటు, వేళ రాసుకుని రాష్ట్ర వన్యప్రాణి శాఖకు వెంటనే ఫోన్ చేయండి.