సీపీకే నార్మల్ వస్తే జబ్బు పోయినట్టేనా?

నా చదువంతా తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నదే, తప్పులుంటే సర్దుకోండి.

మా వీధిలో ఒక పాప ఉంది, ఎనిమిదేళ్ళు. కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆనించి లేచేది. మెట్లెక్కమంటే ఏడ్చేది. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ళ కణుపుల మీద ఎర్ర మచ్చలు. ఘుగ్గుస్ ఎండ సంగతి తెలిసిందే కదా, ఎండకు కమిలిందనుకున్నాం. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వచ్చాయి. ఇంకేముంది, కామెర్లన్నారు. పసరు పోసే మనిషి అడ్రసు ఇచ్చింది నేనే, దాచుకోవడం దేనికి. ఐదు నెలలు అలా పోయాయి.

ఆ రెండు ఎంజైములూ కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. కండరం దెబ్బతిన్నా రక్తంలో పెరుగుతాయి. అప్పుడే సీపీకే కూడా చూసి ఉంటే అనుమానం వచ్చేది. చివరికి హైదరాబాదులో పిల్లల కీళ్ళవాతం డాక్టరు పేరు చెప్పారు: జువెనైల్ డెర్మటోమయోసైటిస్. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే చర్మం మీద, కండరాల మీద తిరగబడే జబ్బు. ఏటా పది లక్షల మంది పిల్లల్లో ఇద్దరి నుంచి నలుగురికి వస్తుందట. అంటుకునేది కాదు. ఈ మాట మన వీధిలో కొందరికి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది.

స్టెరాయిడ్లు, వారానికోసారి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. ఆర్నెల్లకు సీపీకే నార్మల్ వచ్చింది. ‘నార్మల్ అని రాశారుగా, ఇంకా బిళ్ళలెందుకు, పిల్ల మొహం ఉబ్బిపోతోంది’ అని వాళ్ళ నాయనమ్మ పేచీ పెట్టింది. డాక్టరు ఒప్పుకోలేదు. ఈ జబ్బులో సీపీకే నార్మల్‌గా ఉన్నా లోపల మంట నడుస్తూ ఉండవచ్చు. అందుకే ఎల్‌డీహెచ్, ఆల్డొలేజ్ కూడా చూస్తారు, పిల్లను నేల మీంచి లేవమంటారు, తల ఎత్తి పట్టుకోమంటారు, మచ్చలు చూస్తారు. పైగా స్టెరాయిడ్లు మన ఇష్టానికి టక్కున ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మంట ఎక్కువ కాలం ఆరకపోతే చర్మం కింద సున్నం గడ్డలు కడతాయి.

నాకిది కొత్తగా అనిపించలేదు. వేబ్రిడ్జి చీటీలో బరువు సరిగ్గానే ఉంటుంది, అదే వ్యాగన్‌కి యాక్సిల్ కాలుతూ ఉంటుంది. అది బండి పోతుంటే పట్టాల పక్కన నిలబడి చూసినవాడికే తెలుస్తుంది. అలాగని చీటీ పారేస్తామా? రెండూ కావాలి.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు గలెక్టిన్-9, సీఎక్స్‌సీఎల్10 అనే రెండు ప్రోటీన్లను పట్టుకున్నారు. జబ్బు చురుగ్గా ఉందా లేదా అన్నది సీపీకే కంటే ఇవి బాగా చెబుతున్నాయని 2019లో ప్రచురించారు. కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలోనూ వీటిని కొలవవచ్చట. మనలాంటి ఊరికి ఇంతకన్నా ఏం కావాలి! చుక్క పోస్టులో పోతుంది, పిల్ల ఇంట్లో ఉంటుంది. కానీ మన ల్యాబులో అడిగితే దొరికేది కాదు. అందాకా పిల్లను డాక్టరు ముందుకు తీసుకెళ్ళక తప్పదు.

ఇక్కడే నాకు మన సంఘంతో పేచీ. మన వైద్యనిధి ఆసుపత్రిలో పడక ఎక్కినవాళ్ళకే ఇస్తుంది. ఈ పాప పడక ఎక్కింది వారం రోజులే. అసలు ఖర్చు తర్వాతది: మూడు నెలలకోసారి బల్లార్షా వెళ్ళి రైలెక్కడం, రెండు రోజుల కూలి పోవడం, మళ్ళీ రక్తపరీక్షలు. పోయినసారి డబ్బుల్లేక వాయిదా వేశారు. ‘రిపోర్టు బాగానే ఉందిగా’ అని కమిటీలో ఒకరన్నారు. కోపం వచ్చింది, కానీ ఏడాది కింద నేనూ అదే అనేవాణ్ణి.

ఏళ్ళ తరబడి మందులు వాడే పిల్లలకు ఏడాదికి నాలుగు ప్రయాణాలు, పరీక్షల ఖర్చు నిధి నుంచి ఇవ్వాలని ఆదివారం మీటింగులో అడుగుతాను. దసరా పందిరి ఖర్చు కొంచెం తగ్గితే సరిపోతుంది. కాదనేవాళ్ళు ఇక్కడ బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోకుండా మీటింగుకి రండి. ఈసారి టిక్కెట్లు మాత్రం నేను తీసేశాను.