కందిపప్పుకున్నపాటి పరీక్ష

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా పెద్దేముల్ సంతలో ఏ ఇల్లాలూ ఆ గుర్తింపును చూసి కొనదు. అరచేతిలో పోసుకుని నలిపి చూస్తుంది, పుచ్చు ఏరుతుంది, నాలుగు గింజలు నోట్లో వేసుకుంటుంది. కిందటేడు ఇదే కొట్లో కొన్నది ఉడికిందా లేదా జ్ఞాపకం చేసుకుంటుంది. బాగుంది. మరి ఇదే ఇల్లాలు ఢిల్లీకి పంపే మనిషి దగ్గరికొచ్చేసరికి ఏమంటుందండీ? "ఎవలైతేంది తియ్, అందరు గంతే!" అంటుంది. లేదా, "మా ఆయన చెప్పిన గుర్తుకే" అంటుంది. కిలో పప్పుకు జరిగే పరీక్ష అయిదేళ్ళ పాలనకు అక్కర్లేదన్నమాట!

పెద్దేముల్ ఓట్లు చేవెళ్ళ లోక్‌సభ స్థానంలో పడతాయి. అక్కడి ముచ్చట వినండి. 2014లో కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారు కారు గుర్తు మీద గెలిచారు. 2019లో ఆయనే చెయ్యి గుర్తుకు మారి, కారు గుర్తు మీద వచ్చిన రంజిత్ రెడ్డి గారి చేతిలో ఓడారు. 2024 వచ్చేసరికి రంజిత్ రెడ్డి గారిది చెయ్యి, విశ్వేశ్వర్ రెడ్డి గారిది కమలం. కమలం గెలిచింది. గుర్తును నమ్ముకున్న ఇల్లాలికి మనుషులు మారారు, మనిషిని నమ్ముకున్న ఇల్లాలికి గుర్తులు మారాయి. పాపం, ఇద్దరూ నిలకడగానే ఉన్నారు!

పార్టీ మారడం పాపమని నేననను. పొసగని చోట ఎన్నాళ్ళుంటారు? కానీ ఎందుకు మారారో అడగాలి కదా. ఏ విషయంలో భేదం వచ్చింది, ఆ మాట పార్టీలో ఉన్నప్పుడే అన్నారా, టిక్కెట్ల వేళ అన్నారా? పెళ్ళి సంబంధమొస్తే పిల్లవాడు పాత ఉద్యోగం ఎందుకు మానేశాడని మూడు తరాల వాళ్ళను వాకబు చేస్తామే!

"మేం వేసేది ఎంపీకి కాదమ్మా, ప్రధానికి" అనేవాళ్ళున్నారు. ఈ మాటను పూర్తిగా కొట్టెయ్యలేం. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక సభలో ఎంపీ పార్టీ ఆదేశం దాటి ఓటు వేస్తే పదవే పోవచ్చు. కనుక పార్టీనీ, దాని నాయకుణ్ణీ చూడాల్సిందే. కానీ ఎలా చూస్తున్నాం? టీవీలో గొంతు, కట్టూబొట్టూ, చెయ్యి ఊపే తీరు. అధికారం చేతికొచ్చినప్పుడు ఎవర్ని పక్కన పెట్టుకున్నాడు, కాదన్నవాళ్ళతో ఎలా మసలుకున్నాడు, ఓడినప్పుడు ఏం చేశాడు, ఎదురుప్రశ్న వేస్తే జవాబిచ్చాడా, విసుక్కున్నాడా అన్నవి కదా చూడాల్సినవి? దేశమంతా ఒకవైపు పోతే మనమూ పోవాలన్న రూలేం లేదు. 1977లో ఉత్తరాది ఇందిరను ఓడిస్తే ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. 1984లో దేశం కాంగ్రెస్ వెంట పోతే మనవాళ్ళు 30 మంది తెలుగుదేశం వాళ్ళను పంపారు. రెండుసార్లూ మనది రైటని కాదు, మనం వేరుగా ఆలోచించగలమని!

అసలు ఈ ప్రాంతానికి తెలిసినంత పాఠం ఇంకెవరికి తెలుసు? 1967లో మర్రి చెన్నారెడ్డి గారు తాండూరు నుంచి శాసనసభకు గెలిచి, కేంద్రంలో ఉక్కు మంత్రి అయ్యారు. ఓడిన వందేమాతరం రామచంద్రరావు గారు కోర్టుకెక్కారు. ఎన్నికల్లో అక్రమ పద్ధతులు జరిగాయని 1968లో హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది, సుప్రీంకోర్టూ ఔనంది. ఆ తరువాతే ఆయన తెలంగాణ ప్రజాసమితిని నడిపించి, 1971లో పది లోక్‌సభ స్థానాలు గెలిపించి, 1978లో ముఖ్యమంత్రి కూడా అయ్యారు. మనిషి ఖాతాలో ఒక్క పద్దు చూసి మంచీచెడూ తేల్చలేం, నిజమే. కానీ ఒక్క పద్దునూ చెరిపెయ్యకూడదు.

ఆ రోజుల్లో కోర్టు కాగితం మనదాకా రావడం కష్టం. ఇప్పుడా సాకు లేదు. 2003 సుప్రీంకోర్టు తీర్పు నుంచి ప్రతి అభ్యర్థీ కేసులూ, ఆస్తులూ, అప్పులూ, చదువూ రాసి అఫిడవిట్ ఇవ్వాల్సిందే. ఎన్నికల సంఘం వాటిని అందరికీ తెరిచి పెడుతుంది. కిందటి ఎన్నికల కాగితం, ఈసారి కాగితం పక్కపక్కన పెట్టి చూడండి. చీరెల మీద డిస్కౌంటు లెక్క కట్టే వాళ్ళకు ఇదేం పెద్ద లెక్క కాదు. ఆస్తి పెరగడం నేరం కాదు, ఎలా పెరిగిందో అడగడమూ నేరం కాదు. మళ్ళీ నిలబడ్డ ఎంపీ అయితే సభలో ఎన్ని రోజులున్నాడు, ఏమడిగాడు, ఏటా వచ్చే అయిదు కోట్ల నియోజకవర్గ నిధిలో మన మండలానికి ఎంత వచ్చింది, ఇవీ అడగవచ్చు.

ఈసారి కరపత్రాలు పట్టుకుని కుర్రాళ్ళు గుమ్మంలోకి వస్తే, "బాబూ, మీ సారు కిందటిసారి ఇచ్చిన అఫిడవిట్ తెచ్చావా?" అని అడిగి చూడండి. తెల్లమొహం వేస్తాడు. ఎండన పడి వచ్చాడు కదా, గ్లాసు మజ్జిగ ఇచ్చి, అది తీసుకుని మళ్ళీ రమ్మనండి.