పల్లవి ఆగిన చోట వినండి

చిరంజీవులకు,

జూలై నాలుగు వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపే వీడియోల్లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట ‘బోర్న్ ఇన్ ద యూఎస్ఏ’ మోగుతూ ఉంటుంది. దాని మీద మీలో మీకే వాదన నడుస్తోందని తెలిసింది. ఒకరు దేశభక్తి గీతమంటారు, ఇంకొకరు దేశాన్ని దుమ్మెత్తిపోసే పాట అంటారు. నాకు ఎంతో ఇష్టమైన పాట గనక నేనూ ఒక మాట చెప్పాలి. మీరు రెండు పక్షాలవాళ్లూ పాటను సగమే విన్నారు.

ముందు చరణాల దగ్గరికి రండి. బతుకు తెల్లారిపోయిన ఊళ్లో పుట్టిన కుర్రాడు ఏదో చిన్న గొడవలో ఇరుక్కుంటాడు. చేతికి తుపాకీ ఇచ్చి పరాయి దేశం పంపేస్తారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి రిఫైనరీలో పని అడుగుతాడు. మాజీ సైనికుల బాగోగులు చూసే ఆఫీసుకూ వెళ్తాడు. రెండుచోట్లా మనుషులు మెత్తగానే మాట్లాడతారు, మాట మాత్రం సగంలో తెగిపోతుంది. లేదు, కుదరదు అని ఎవరూ నోరు తెరిచి అనరు. ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ మర్యాద ఎలాంటిదో బాగా తెలుసు.

ఇక్కడే చెవి రిక్కించాలి. మొదటి చరణం తర్వాత పల్లవి వచ్చింది, రెండోదాని తర్వాతా వచ్చింది. పని దొరకని ఈ మూడో చరణం తర్వాత రాదు. ఆ గొప్ప నినాదం అతని నోట పలకదు. నేరుగా వియత్నాంలోని ఖే సాన్‌లో పోయిన సోదరుడి మాటలోకి వెళ్లిపోతాడు. తోడబుట్టినవాడో, పక్కన నిలబడి పోరాడినవాడో పాట చెప్పదు. అంతకుముందు చరణానికి నాలుగేసి పాదాలుంటే ఇక్కడ మూడే. నాలుగోది ఉండాల్సిన చోట వాద్యాలు మాత్రమే మోగుతాయి. పోయినవాడి గురించి చెప్పడానికి అతని దగ్గర ఇంకో పాదం లేదు.

ఖే సాన్ కథ తెలిస్తే ఆ ఖాళీ మరింత బరువెక్కుతుంది. అక్కడి అమెరికన్ మెరైన్ల స్థావరం మీద 1968 జనవరి 21న ముట్టడి మొదలై 77 రోజులు సాగింది. అంతమంది ప్రాణాలొడ్డి నిలబెట్టుకున్న ఆ స్థావరాన్ని అదే ఏడాది జూలైలో అమెరికా సైన్యమే కూల్చేసి వదిలి వెళ్లిపోయింది. (పాటలో శత్రువు పేరు వియత్‌కాంగ్ అని ఉంటుంది గానీ, చుట్టుముట్టింది ప్రధానంగా ఉత్తర వియత్నాం సైన్యం.)

వెంటనే ఇంకో సంగతి వస్తుంది. చనిపోయినవాడిని సైగాన్‌లో ఒక స్త్రీ ప్రేమించింది, ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో ఇతని దగ్గర ఉంది. రెండో చరణంలో వియత్నాం మనిషి అంటే రంగు పేరుతో పిలిచి చంపాల్సిన శత్రువు. ఇక్కడికొచ్చేసరికి అదే జాతి స్త్రీ ఆ పోయినవాణ్ని పొదువుకుని ఉంది. రెండు పాదాల్లో ఇంత దూరం నడిపించడం మహాకవులకే సాధ్యం. అయినా లక్షలాది మంది చచ్చిపోయిన దేశం నుంచి ఈ పాటలోకి వచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే, అదీ ఫొటోలో. ఆ వెలితి ఉందని ఎవరన్నా అంటే నేను కాదనను.

స్ప్రింగ్‌స్టీన్ యుద్ధానికి వెళ్లలేదు, వైద్య పరీక్షలోనే తప్పించేశారు. కుర్రతనంలో అతని బృందంలో డ్రమ్స్ వాయించిన బార్ట్ హేన్స్ మాత్రం వెళ్లాడు, 1967లో వియత్నాంలోనే చనిపోయాడు. ఈ పాటను మొదట 1982లో న్యూజెర్సీలోని ఇంట్లో కూర్చుని, చిన్న క్యాసెట్ రికార్డరు మీద, ఒంటరిగా గిటారుతో పాడుకున్నాడు. అది 1998లో గానీ బయటికి రాలేదు. అందులో పల్లవి మూలుగులా వినిపిస్తుంది. 1984లో లోకం విన్నది బృందంతో చేసిన పాట. మ్యాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్స్, రాయ్ బిట్టన్ సింథసైజర్, గొంతు చించుకునే పాట. ఆ సెప్టెంబరులో ఎన్నికల ప్రచారానికి న్యూజెర్సీలోని హామంటన్ వచ్చిన అధ్యక్షుడు రీగన్, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ ఉందని సభలో మెచ్చుకున్నారు. ఏ పాటో చెప్పలేదు. ఆ వారంలోనే పిట్స్‌బర్గ్ కచేరీలో స్ప్రింగ్‌స్టీన్, అధ్యక్షుడికి నచ్చిన ఆల్బమ్ ఏదై ఉంటుందోనని ఆశ్చర్యపోయి, పని పోయిన కార్ల కార్మికుడి కథ ‘జానీ 99’ అందుకున్నాడు.

ఇది చెప్పగానే ‘చూశారా, పిడికిలెత్తినవాళ్లంతా మోసపోయారు’ అంటారు రెండో పక్షంవాళ్లు. నేను ఒప్పుకోను. ఆ డ్రమ్స్ ఎవరో బలవంతాన పెట్టినవి కావు. చరణాల్లో కష్టం, పల్లవిలో ఆశ పెట్టానని అతనే తర్వాత చెప్పుకున్నాడు. నాకు వినిపించేదేమిటంటే, ఆ పల్లవి గొప్పలూ కాదు, వెటకారమూ కాదు. ఈ గడ్డ మీద పుట్టినవాణ్ని, నా బాకీ తీర్చమని గుమ్మంలో నిలబడి అడగడం. దేశం మీద ప్రేమ చచ్చినవాడు అలా అడగడు, వెళ్లిపోతాడు. అందుకే నడుమ పల్లవి ఆగిపోవడం అంత గుచ్చుకుంటుంది. అడగడానికి కూడా ఓపిక లేని ఘడియ అది.

పాటను సగమే వినడంలో మనమేమీ తీసిపోలేదు. గురజాడ వారి ‘దేశభక్తి’ గేయంలోంచి ఒక్క మాట తీసి గోడలకెక్కించాం. పాడిపంటలు పెంచమని, వట్టి మాటలు మానమని చెప్పిన పాదాలు ఎంతమందికి నోటికొచ్చు?

మీలో కొందరు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నారు. స్ప్రింగ్‌స్టీన్ పెరిగిన ఫ్రీహోల్డ్ అక్కడికి దగ్గరే. కొందరు అక్కడే పుట్టారు, ఆ పల్లవి మీద మీకూ హక్కుంది. ఒకసారి ఒంటరి గిటారు పాటా, బృందం పాటా వెంటవెంటనే పెట్టుకుని వినండి. మూడో చరణం దాటాక రెండింట్లో ఏం జరుగుతుందో, చివర పల్లవి తిరిగొచ్చినప్పుడు మీకేమనిపించిందో నాకు రాయండి. నాతో ఏకీభవించకపోతే మరీ వివరంగా రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య