ఫోను నిండాలా, బొమ్మ మిగలాలా?

మా పెందుర్తిలోనే కాదు, ఎక్కడైనా పాత పెళ్ళి క్యాసెట్టు ఇచ్చి "ఫోన్లో చూసుకునేలా చేసివ్వండి" అంటే చాలామంది చేసేది ఒకటే: స్క్రీను నింపెయ్యడం. మా ఇంటి క్యాసెట్టుకీ అదే జరిగింది. తాతయ్య నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క క్యాసెట్టులోనే. అందులో ఆయన మొహం గుమ్మడికాయలా తయారైంది. అడిగితే "నల్ల పట్టీలు రాకుండా ఫుల్ స్క్రీన్ చేశామండి" అని గర్వంగా చెప్పారు!

అసలా నల్ల పట్టీల మీద జనానికి అంత కోపం ఎందుకో నాకర్థం కాదు. లెక్క చూడండి. పాత వీడియో 4:3. ఇప్పుడొస్తున్న చాలా ఫోన్లు 20:9. ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ నిండేది 60 శాతమే. మిగతా చోటు నింపాలంటే సాగదియ్యాలి, లేదా కత్తిరించాలి. సాగదీస్తే మనిషి 1.67 రెట్లు లావవుతాడు. కత్తిరిస్తే పైనా కిందా కలిపి 40 శాతం పోతుంది. అంటే తలంబ్రాలు పోసే చేతులుంటాయి, తలలుండవు :)

'అల్లూరి సీతారామరాజు' (1974) తెలుగులో మొదటి సినిమాస్కోప్, వెడల్పుగానే తీశారు కాబట్టి ఫోన్లో ఇంచుమించు నిండిపోతుంది. 'మాయాబజార్' (1957) అలా కాదు. 2010లో రంగులేసినప్పుడు దాన్నీ సినిమాస్కోప్ కొలతకి మార్చారు. రంగుల సంగతెలా ఉన్నా, మార్కస్ బార్ట్లే పెట్టిన ఫ్రేము మాత్రం అది కాదు.

2000లలో 176×144 త్రీజీపీలోకి కుదిస్తే తప్ప ఫోన్లో ఆడేది కాదు, అప్పుడు తప్పలేదు. ఇప్పుడా అవసరమేదీ? హెచ్.264 ఎంపీ4 దాదాపు ఏ ఫోన్లోనైనా ఆడుతుంది. ఎంకేవీ ఆడకపోతే చాలాసార్లు పెట్టె మారిస్తే చాలు, లోపలి సామాను ముట్టుకోనక్కర్లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉచితంగానే ఆ పని చేస్తుంది. ఇక నిండుగానే చూడాలనుకునేవాళ్ళు, చాలా ప్లేయర్లలో రెండు వేళ్ళతో లాగితే నిండుతుంది. అది చూసేటప్పుడు చేసుకోండి, నచ్చకపోతే వెనక్కొచ్చేస్తుంది. ఫైల్లోనే చేసేస్తే ఇక రాదు.

సినిమాకైతే ఇంకో కాపీ ఎక్కడో దొరుకుతుంది. క్యాసెట్టుకి దొరకదు. వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్ వాళ్ళ ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. మన సముద్రపు చెమ్మకి టేపులు బూజు పడతాయి. కాబట్టి ఒక్కసారే చేయించినా సరిగ్గా చేయించాలి. టేపులో సెకనుకి 25 బొమ్మలు, ఒక్కోటీ రెండు సగాలుగా ఉంటాయి. ఆ సంగతి పట్టించుకోకుండా మారిస్తే చెయ్యి కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్ళు లేస్తాయి. సైజు తగ్గించమని కూడా అడక్కండి. మూడు గంటల క్యాసెట్టు 4 ఎంబీపీఎస్‌లో పెడితే అయిదు జీబీ పైచిలుకు, అంతే. పెన్ డ్రైవ్‌లో ఓ మూల పడుంటుంది. వాట్సాప్‌లో పంపే చిన్న కాపీ దాన్నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

డబ్బులిచ్చేముందు అయిదు నిమిషాలు ఆడించి చూడండి. గోడ గడియారమో, పెళ్ళికూతురి బొట్టో, గుండ్రంగా ఉండాల్సింది ఏదో ఒకటి కనిపిస్తుంది. అది కోడిగుడ్డులా ఉంటే మళ్ళీ చెయ్యమనండి. క్యాసెట్టు మాత్రం వాళ్ళ దగ్గర వదిలెయ్యకండి.